దొరసాని ఉయ్యాల

కోడి ఎడమ కాలిని పదిసార్లు ముడిచి, పదిసార్లు చాపాక, కాజాలాయన దాని పాదాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చున్నాడు. వంటింటి వెనక అరుగు మీద తిరగేసిన స్టూలు, దాని నాలుగు కాళ్ళ మధ్య తాళ్ళతో కట్టిన గుడ్డ ఉయ్యాల. అందులో పొట్ట ఆనించి, గుడ్డకున్న రెండు చిల్లుల్లోంచి కాళ్ళు కిందికి వదిలేసి, దొరసాని లోకం మీద అలిగినట్టు పక్కకి చూస్తోంది. ఆ పేరు దానికెవరూ కావాలని పెట్టలేదు. కాలు బాగున్న రోజుల్లో దాని నడక చూసి చెల్లెలు తిట్టిన తిట్టే పేరై కూర్చుంది.

ఉన్నట్టుండి పాదం బిగుసుకుంది. గోళ్ళు అతని బొటనవేలిని పట్టుకుని వదిలాయి.

"అమ్మడూ, తన్నింది చూడు," అన్నాడు.

"తన్నడం కాదు, వణుకు," అంది చెల్లెలు పొయ్యి దగ్గర్నుంచి, వెనక్కి తిరక్కుండానే. "నీళ్ళు చల్లారిపోతున్నాయి, ముందు స్నానం కానీ అన్నయ్యా."

వణుకే కాబోలు అనుకున్నాడు. చెల్లెలి మాట కాదనడం అతనికి అలవాటు లేదు. గోళ్ళ సందుల్లో తడి మన్ను కనిపిస్తే తుడిచాడు. పొద్దస్తమానం ఉయ్యాలలో ఉండే కోడికి మన్నెక్కడిదన్న అనుమానమైనా రాకుండా లేచి వెళ్ళిపోయాడు. అంత అమాయకుడు మరి.

పదకొండు రోజుల కిందట దొరసాని ఈకలన్నీ ఉబ్బించి, తోక దించి, పెరట్లో ఓ మూల ముక్కుతూ కూర్చుంది. గుడ్డు అడ్డం పడిందని చెల్లెలు చూడగానే చెప్పేసింది. బేసిన్లో గోరువెచ్చని నీళ్ళు పోసి, కోడిని సగం దాకా ముంచి పట్టుకుని, వెనక నూనె రాసి, పొట్ట కింద వేళ్ళతో నిమురుతూ "కానీ తల్లీ, ఇంకొంచెం, అయిపోయింది" అంటూ రెండు గంటలు కూర్చుంది. కాజాలాయన తువ్వాలు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఆఖరికి రక్తపు చారతో ఇంత లావు గుడ్డు పడేసరికి కోడికి తల ప్రాణం తోకకొచ్చింది, తువ్వాలు పట్టుకున్న మనిషికీ అంతే. కోడి బతికింది గాని లేవలేదు. ఎడమ కాలు పక్కకి చాచేసి, రెక్క మీదకి ఒరిగిపోయింది.

పశువుల డాక్టరు కాలంతా తడిమి చూశాడు. "ఎముక బాగానే ఉంది. గుడ్డు నరాన్ని నొక్కేసింది. నేల మీదే పడుంటే పుండ్లు పడతాయి, ఎలాగైనా నిలబెట్టి ఉంచండి. గుడ్డుపెంకులు మెత్తగా నూరి మేతలో కలపండి. లేస్తే రెండు వారాల్లో లేస్తుంది."

"లేవకపోతేనండీ?" అనడిగాడు కాజాలాయన. డాక్టరు చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

ఆ సాయంత్రమే కాజాలాయన షాపు నుంచి కాలరులో వేసే గట్టి గుడ్డ ముక్క తెచ్చి, కాళ్ళకి రెండు, వెనక మురికి పోవడానికి ఒకటి చిల్లులు కోశాడు. చర్మం ఒరుసుకోకుండా వాటి అంచులన్నీ కాజా కుట్టుతో కుట్టాడు. పెళ్ళికొడుకు కోటుకి కూడా అంత దగ్గరగా కుట్టు వేసి ఉండడు.

ఆ పాటికే చెల్లెలు వెళ్ళిపోయి ఉండాల్సింది. ఆమె కూతురికి నెలలు నిండుతున్నాయి. పురుడు పోసి, ఆ తర్వాత పసిబిడ్డని చూసుకుంటూ అక్కడే ఉండిపోవాలని అందరూ కలిసి అనుకున్నదే. ఇక అన్న ఇంటికి రావడమంటే చుట్టపు చూపే. పెట్టె కూడా సర్దేసింది. సరిగ్గా అప్పుడే దొరసాని మంచమెక్కింది.

"దీన్నిలా వదిలేసి ఎలా రానే? కాలు మీద నిలబడనీ, మర్నాడే బస్సెక్కుతా," అంటోంది రోజూ ఫోన్లో. "నాకంటే ఆ కోడే ఎక్కువైపోయిందా నీకు?" అని నవ్వేది మేనకోడలు. రెండు రోజులుగా నవ్వడం లేదు.

కోడి లేస్తే చెల్లెలు వెళ్ళిపోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలిసి కూడా ఇద్దరూ పోటీపడి దాని కాలు పిసుకుతున్నారు.

కుట్టుషాపులో కాజాలాయన చోటు కిటికీ పక్కన పొట్టి స్టూలు. పద్నాలుగో ఏట చేరినప్పుడు, అప్పటి పెద్ద మాస్టరు కత్తెర చేతికిచ్చి చూసి, వీడి చెయ్యి వణుకుతోంది, ప్రస్తుతానికి కాజాలు కుట్టనీ అన్నాడు. ఆ ప్రస్తుతం నలభై ఆరేళ్ళు సాగింది. ఆ మాస్టరు పోయి కొడుకు మాస్టరయ్యాడు. గుడ్డ మీద గీత గీయడం, సన్నటి బ్లేడుతో చీల్చడం, మైనం పూసిన దారంతో అంచు పొడవునా ముడి పక్కన ముడి వేస్తూ రావడం. చివర దారాన్ని రెండు చుట్లు తిప్పి లోపలికి లాగే ముడి ఒకటుంది. అది అతను సొంతంగా కనిపెట్టుకున్నది. చొక్కా చిరగాల్సిందే గాని ఆ ముడి ఊడదు. ఊరంతా అతను కుట్టిన కాజాల్లో గుండీలు పెట్టుకుని తిరుగుతుంది. ఆ చొక్కా ఎవరు కుట్టారంటే మాత్రం మాస్టరు పేరే చెబుతుంది. అందుకు అతనికి కష్టంగా లేదు. ఉందేమో, ఎప్పుడూ చెప్పలేదు.

అతనికి పెళ్ళి మాటలు ఒకసారి జరిగాయి. అవి తేలేలోపే బావ పోయి, చెల్లెలు మూడేళ్ళ పిల్లని చంకనేసుకుని వచ్చింది. తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు, అతనూ గుర్తు చెయ్యలేదు. గుండీల డబ్బా ముందేసుకుని ఆడుకుంటూ ఆ పిల్ల పెరిగింది. ఇరవై రెండేళ్ళు ఇట్టే గడిచిపోయాయి.

ఆ మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తే, కంచం మీద మూతపెట్టి చెల్లెలు ఎటో బజారుకి వెళ్ళింది. ఉయ్యాల గుడ్డ తుడుద్దామని ముందు వైపు రెండు తాళ్ళు విప్పి, కోడిని ఎత్తి నేల మీద పెట్టి, గుడ్డ అందుకోవడానికి వంగాడు. మళ్ళీ చూసేసరికి దొరసాని నిలబడి ఉంది. రెండు కాళ్ళ మీదా. మెడ నిక్కించి, ఎడమ పాదం కాస్త ఆలస్యంగా ఎత్తుతూ, నాలుగడుగులు వేసి అతని కంచం దాకా వచ్చింది.

"ఓసి నీ," అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వుకున్నాడు కూడా. ఆ వెంటనే గోడవార సర్దిపెట్టిన పెట్టె కనిపించింది.

అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. కోడిని పట్టుకుని, కాళ్ళు చిల్లుల్లో దూర్చి, గబగబా తాళ్ళు కట్టేశాడు.

"ఇంకో నాలుగు రోజులు. కాలు గట్టిపడాలి కదే," అన్నాడు దాని చెవిలో చెబుతున్నట్టు. దొరసాని అతన్ని ఒక్క కంటితో చూసింది. ఆ చూపు భరించలేక సగం భోజనం వదిలేసి షాపుకి వెళ్ళిపోయాడు.

మూడు గంటలకి మాస్టరు ఒక చొక్కా పైకెత్తి పట్టుకున్నాడు.

"పెద్దాయనా, ఈ చొక్కా హెడ్మాస్టరుగారికా, వాళ్ళావిడకా?"

మిషన్ల దగ్గర నవ్వులు. కాజాలాయన చూశాడు. మగవాళ్ళ చొక్కాకి కాజాలు ఎడమ పక్కన ఉండాలి. ఆరు కాజాలూ కుడి పక్కన ఉన్నాయి, ముత్యాల్లా. తప్పు కుట్టయితే విప్పొచ్చు. బ్లేడుతో చీల్చిన గుడ్డని ఏం చేస్తారు? నలభై ఆరేళ్ళలో ఇలాంటి పని చెయ్యలేదు. అతని మొహం చూసి నవ్వులు ఆగిపోయాయి.

మాస్టరు చొక్కా మడిచి పక్కన పెట్టేసి, వచ్చి నుదుటి మీద చెయ్యేసి చూశాడు. "జ్వరమేం లేదే. ముక్క మిగిలింది, ముందు భాగం మళ్ళీ కోస్తాలే. ఇవాళ్టికి ఇంటికెళ్ళు పెద్దాయనా."

ఎండలో మెల్లిగా నడిచాడు. చేసింది చెల్లెలికి చెప్పెయ్యాలి. చెప్పేస్తే రేపే ప్రయాణం. చెప్పకపోతే అక్కడ నిండు చూలాలు ఎదురుచూస్తోంది, తన చేతుల మీద పెరిగిన పిల్ల. సందు మలుపు తిరిగేసరికి చెప్పెయ్యాలనే తేల్చుకున్నాడు. ఎదురుపడితే నోరు పెగలదని తెలుసు కాబట్టి, మాటలు కూడదీసుకుంటూ పెరటి దారిన వచ్చాడు.

పెరటి తలుపు ఓరగా ఉంది. లోపల చెల్లెలు వెనక్కి వెనక్కి నడుస్తూ, గుప్పిట్లోంచి గింజలు రాలుస్తోంది. ఆ గింజల వెంట దొరసాని టుకుటుకుమంటూ నడిచి వస్తోంది. మొక్కల పాదు దాకా వెళ్ళి తడి మన్ను గీరింది. కాసేపయ్యాక చెల్లెలు దాన్ని పట్టుకుని, గోళ్ళు చీరకొంగుతో తుడిచి, ఉయ్యాలలో కూర్చోబెట్టి, వెనక వైపు రెండు తాళ్ళూ కట్టింది. జడకి రిబ్బను కట్టినట్టు, పువ్వు ముడి.

కాజాలాయన దగ్గాడు. ఆమె తిరిగి చూసింది. ఇద్దరూ దొంగల్లా నిలబడ్డారు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"నిన్న పొద్దున. నువ్విలా వెళ్ళావు, అదలా లేచింది."

"మధ్యాహ్నం నేను కూడా..."

"తెలుసు. ముందు వైపు తాళ్ళు విప్పబోతే రాలేదు. నీ ముడి నాకు తెలీదా అన్నయ్యా? అందుకే వెనకవి విప్పుకున్నా."

అతను అరుగు మీద కూలబడ్డాడు. ఆమె పక్కన కూర్చుంది. కోడి గొంతులోనే గురగురమంది.

"నువ్వు వెళ్ళడం నాకు ఇష్టం లేదమ్మడూ," అన్నాడు ఆఖరికి.

"నాకు మాత్రం ఉందా?"

"పిల్ల నవ్వడం మానేసింది ఫోన్లో."

"విన్నాను."

లోపల ఫోను మోగింది. ఆమె లేవలేదు. ఎప్పుడూ ఫోను తియ్యని మనిషి, తనే వెళ్ళి తీశాడు. "మావయ్యా, నువ్వా?" అంది మేనకోడలు, ఏమైందోనని కంగారుగా.

"దొరసాని నడుస్తోందమ్మా," అన్నాడు. "రేపు పొద్దున బస్సుకి అమ్మ వస్తోంది." అవతల ఆ పిల్ల ఏడ్చిందో నవ్విందో తెలియలేదు. రెండూ అయ్యుంటాయి.

మర్నాడు బస్సు కదిలేదాకా చెల్లెలు చెబుతూనే ఉంది. పెంకుల పొడి నీలం డబ్బాలో ఉంది. ఇంకో వారం పొద్దున్నే కాలు పట్టాలి. మళ్ళీ ముక్కితే గోరువెచ్చని నీళ్ళు, మరీ వేడి కాదు. అతను ఏ వేళకి తినాలో, తలనొప్పి మాత్ర ఎక్కడుందో, ఒక్కటి కూడా వదల్లేదు. అన్నిటికీ తలూపాడు. బస్సు మలుపు తిరిగాక కూడా ఇంకోసారి ఊపాడు.

ఇంటికొచ్చి పెరట్లోకి వెళ్ళాడు. కాస్త తంటాలుపడి, తాళ్ళు విప్పకుండానే కోడిని పైకి తీసి నేల మీద వదిలాడు. దొరసాని ఒళ్ళు దులుపుకుని, వంటింటి గడప దాకా నడిచి, లోపలికి తొంగిచూసి, వెనక్కొచ్చింది. షాపుకి వేళయింది. స్టూలు మామూలుగా నిలబెడదామని తాళ్ళ మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అరుగు మీద ఉయ్యాల అలాగే ఉంది, అడుగున ఒక గోధుమరంగు ఈకతో, ముందు రెండు తాళ్ళకీ అతని ముడి, వెనక రెండింటికీ చెల్లెలి పువ్వు ముడి.