హోసియా ఇంటి తొట్టి

ఇనుప స్నానాల తొట్టి పక్కన ముక్కాలిపీట వేసుకుని వెర్డెల్ కాలర్డ్ ఆకుకూర కడుగుతోంది. మరునాడు చర్చి వార్షికోత్సవం. ఆ ఇంట్లో వార్షికోత్సవం కూర ఈ తొట్టిలోనే కడగాలి, అదీ మూడు నీళ్ళలో. మొదటి నీళ్ళు ఇసుకకి, రెండోవి పురుగులకి, మూడోవి దేవునికి స్తోత్రం చెప్పుకోవడానికి అనేది వాళ్ళమ్మ.

కూతురు జునీస్ గుమ్మంలో నిలబడింది.

"ఇదే ఆఖరమ్మా. సోమవారం ప్లంబరొచ్చి సుత్తితో పగలగొట్టి ముక్కలు పట్టుకుపోతాడు. అంత బరువు మొత్తంగా మోయడం తనవల్ల కాదన్నాడు."

"అది నిన్నేం చేసిందే?"

"నన్ను కాదు, నిన్ను పడేసింది! పోయిన నెల ఇందులోనే కదా జారిపడ్డావు? ఈసారి తుంటి విరిగితే కూర నేను కడగాలి."

"నువ్వు కడిగితే సంఘమంతా ఇసుక నమలాలి."

ఇద్దరూ నవ్వారు. అంతలో వెర్డెల్ చెయ్యి తొట్టి బయటి పక్కన ఇనుము చెక్కుకుపోయిన చోట ఆగింది.

పంతొమ్మిది వందల అరవై నాలుగులో ఆమెకు ఏడేళ్ళు. నల్లవాళ్ళు ఓటు అడగడమే నేరమన్నట్టుండే రోజులవి. వాళ్ళమ్మ ఓటర్ల జాబితాలో పేరు రాయించుకు వచ్చిన వారం నుంచి, కార్లలో పోయే తెల్లవాళ్ళు ఆ ఇంటి మీద తుపాకులు పేల్చేవారు. ఒక ఆదివారం చర్చి అయ్యాక నలుగురు సంఘపెద్దలు, వేసుకున్న కోట్లతోనే, ఈ తొట్టిని మోసుకొచ్చి గది మధ్యలో దింపారు. అప్పటికి ఇంటికి కొళాయే లేదు. అమ్మ అందులో బొంతలు పరిచి నలుగురు పిల్లల్ని పడుకోబెట్టింది. గోడ దాటి వచ్చిన గుండు తొట్టిని దాటలేకపోయింది.

"దేవుడు తొట్టి పంపాడు" అని అమ్మ ఏటా చర్చిలో సాక్ష్యం చెప్పేది. అమ్మ తరువాత వెర్డెల్ కూడా అంతే చెబుతూ వచ్చింది.

"ఎవరింట్లోంచి పంపాడో మాత్రం మీ అమ్మమ్మ చెప్పలేదే" అంది వెర్డెల్ మెల్లగా.

"ఎవరింట్లోంచి?"

"హోసియా టాలివర్ ఇంట్లోంచి."

చిన్నప్పుడు తను ఏటా మొదటి గిన్నె కూర పట్టుకెళ్ళి ఇచ్చింది ఆ ముసలాయనకే అని జునీస్‌కు గుర్తొచ్చింది.

"'మరి మీకో, అన్నా?' అంది మా అమ్మ. 'పిల్లల్లేని వాళ్ళం, నేలమీద పడుకుంటాంలేమ్మా' అన్నాడాయన. తొమ్మిది రోజులకి వాళ్ళింటి మీద కాల్చారు. ఆయన భార్య లవీనియా మళ్ళీ లేవలేదు."

జునీస్ వచ్చి తల్లి పక్కన నేలమీద కూర్చుంది.

"ఎవరికీ ఎందుకు చెప్పలేదమ్మా?"

"సమాధి దగ్గర మా అమ్మ ఏడుస్తుంటే ఆయనే అన్నాడు, 'పిల్లలకి చెప్పకమ్మా, అందులో హాయిగా నిద్రపోనీ' అని. అమ్మ వెనకాలే ఉన్నాను, నేను విన్నాను. ఆ నలుగురు పిల్లల్లో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. నా నిద్ర పాడైనా పర్వాలేదు."

"దేవుడు మిమ్మల్ని కాపాడి ఆవిణ్ణి ఎందుకు..."

"అరవై ఏళ్ళుగా అడుగుతున్నానే. ఇంకా చెప్పలేదు. నేను అడగడమూ మానలేదు, స్తోత్రం చెప్పడమూ మానలేదు."

జునీస్ చొక్కా చేతులు పైకి మడిచి మూడో నీళ్ళు పట్టింది. తడి చేతులతోనే ప్లంబరుకు ఫోన్ చేసింది.

"సుత్తి తేవద్దండీ. తొట్టిని మేమే బయటికి తెస్తాం."

"ఎలా తెస్తారమ్మా?"

"లోపలికి ఎలా తెచ్చారో అలాగే."

మరునాడు వెర్డెల్ అమ్మ నిలబడే చోటే నిలబడింది. "దేవుడు తొట్టి పంపాడు. హోసియా, లవీనియా టాలివర్ల ఇంట్లోంచి పంపాడు" అంది. చర్చిలో అంతా లేచి నిలబడ్డారు.

భోజనాలయ్యాక నలుగురు సంఘపెద్దలు వెర్డెల్ ఇంటికి వచ్చి స్నానాల గది తలుపు చెక్క ఊడదీశారు. తొట్టిని చర్చి వంటింటి వెనక కొళాయి కింద పెట్టాలని నిర్ణయమైంది, ఏటా అందరి కూరా అందులోనే కడగడానికి.

"వెర్డెలక్కా, ఇందులో ఏనుగును గానీ దాచావా?" అన్నాడు ఒకాయన రొప్పుతూ.

"నలుగురు పిల్లల్ని దాచారు నాయనా. జాగ్రత్త, గుమ్మానికి తగలనియ్యకు."