ముప్పై ఎనిమిదో నిమిషం

నేను ఒక డీవీడీని. చెన్నై శివారు ఫ్యాక్టరీలో పుట్టాను. తోబుట్టువులు ఐదు వేలమంది. నా ఒంట్లో ఉన్నది గంటన్నర బొమ్మల సినిమా, తల్లిని వెతుక్కునే బాతుపిల్ల కథ. పెట్టె మీద 'ఇంటిల్లిపాదీ చూడదగినది' అని గొప్పగా అచ్చేశారు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసిన ఇల్లు నాకైతే తగల్లేదు. నన్ను పెట్టి పిల్లలకు పప్పన్నం తినిపించేవాళ్లు, అంతే.

పాలకొల్లులో రత్నరాజు సీడీల కొట్టు నుంచి ఊరంతా అద్దెకు తిరిగాను. కాలం మారింది, కొట్టులో ఫోన్ రీచార్జులు వచ్చాయి, నేను గోనెసంచితో సహా అటకెక్కాను. పదేళ్లు నన్ను పలకరించిన నాథుడు లేడు.

మొన్న దించింది ఆయన కూతురు కెజియా. హైదరాబాదులో సినిమాల మీద పీహెచ్‌డీ చేస్తోంది. పిల్లల బొమ్మల సినిమాల మీద అంశం ఎంచుకోవాలి. మొదటిసారి 'బొమ్మల సినిమాల్లో కుటుంబం' అని పట్టుకెళితే గైడు హైమవతి మేడం ఆకాశానికి నిచ్చెన వెయ్యకమ్మా అన్నారట. రెండోది అప్పటికే ఎవరో చేసేశారు. శుక్రవారం కమిటీ ఒప్పుకోకపోతే సీటు పోతుంది. చిన్నప్పుడు వందసార్లు చూసిన సినిమా ఏమైనా దారి చూపిస్తుందేమోనని ఇంటికి వచ్చింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

పెట్టె తెరిస్తే లోపల తండ్రి చేతిరాతతో చీటీ: '38 నుంచి 42 దాకా దాటించాలి.' ఏ కస్టమరు రాయించాడని అడిగింది.

రత్నరాజు చీటీ అందుకున్నాడు. "కస్టమర్లెవరూ కాదమ్మా. మీ అమ్మ చనిపోయిన ఏడాది రాసుకున్నాను. తల్లిబాతు చచ్చిపోద్ది అక్కడ. నువ్వేమో రోజూ ఇదే పెట్టమనేదానివి. రిమోటు నా చేతిలోనే ఉంచుకునేవోణ్ణి."

ఇన్నేళ్లూ బాతుపిల్ల దారి తప్పిందనే అనుకుంది పిచ్చితల్లి. మొదటి ప్రతిపాదనలో ఆ దారి తప్పడం మీద రెండు పేజీల విశ్లేషణ కూడా రాసింది. చదువుకున్నవాళ్లతో ఇదే తంటా. ఆ సాయంత్రం ఆ పేజీలు చింపేసి, చుట్టుపక్కల పన్నెండిళ్లు తిరిగి, పిల్లలకు ఏ సీను దాటించేవారని తల్లులను అడిగింది. ఒక్కో ఇంటికీ ఒక్కో సీను ఉంది.

శుక్రవారం నన్ను కమిటీ బల్ల మీద పెట్టింది. కొత్త అంశం, పిల్లల సినిమాల్లో మన ఇళ్లు దాటించే సన్నివేశాలు. హైమవతి మేడం నన్ను అటూ ఇటూ తిప్పి, మీ ఇంట్లో దాటించిన ఆ నాలుగు నిమిషాలూ ఎలా తీశారమ్మా అని అడిగారు.

"నేనింకా చూడలేదండి," అంది కెజియా.

మేడం పెన్ను తీశారు. సంతకం పెట్టి కాగితం పక్కవారికి జరిపారు.

మధ్యాహ్నం డిపార్ట్‌మెంటు గదిలో నన్ను ప్లేయర్‌లో పెట్టింది. ముప్పై ఏడో నిమిషంలో ఆపి తండ్రికి ఫోన్ చేసింది.

"ఇప్పుడు చూస్తున్నా నాన్నా. లైన్లో ఉండు."

అవతల కొట్టు షట్టరు దించిన చప్పుడైంది. "ఉన్నానమ్మా, పెట్టు," అన్నాడు రత్నరాజు.