మా ఒకే ఒక్క క్లినిక్

పన్ను నొప్పి ఉన్నవాడు చేగోడీలాంటి కోడుబళె కరకరా నమలడు. ఆ మాత్రం తెలియడానికి డాక్టరే కానక్కర్లేదు. మా గురుదత్త మాత్రం కొన్ని వారాలుగా మధ్యాహ్నం కాగానే పన్ను సలుపుతోందని, చూపించుకుని వస్తానని హెల్మెట్ తీసుకుని వెళ్తున్నాడు. చీకటి పడేవేళకు వచ్చి నా డబ్బాలో కోడుబళెలన్నీ ఖాళీ చేస్తున్నాడు.

నాది పుట్టు అనుమానం. మా అమ్మ చేసిన చారులో ఉప్పు కూడా రెండుసార్లు చూస్తాను. అయినా దత్తాను నమ్మి ఉద్యోగం మానేశాను. బసవనగుడిలో మా పిన్నిగారి మేడ మీద ఇద్దరం కంపెనీ పెట్టాం. మేం చేసింది పళ్ళ డాక్టర్లకు పనికొచ్చే సాఫ్ట్‌వేర్. ఏ రోగి ఎప్పుడు రావాలో రాసుకుని, ముందురోజే వాళ్ళ ఫోనుకు కబురు పంపుతుంది. ఇప్పటికి వాడుతున్నది మల్లేశ్వరంలోని హెబ్బార్ డాక్టరుగారొక్కరే. కానీ ఆయన వాడకం చూస్తే కడుపు నిండిపోతుంది. నా కంప్యూటర్లో ఆయన గ్రాఫ్ రోజురోజుకూ పైకి లేస్తోంది. అది చూసే పొన్నమ్మగారు మా కంపెనీలో డబ్బు పెడతానన్నారు. శుక్రవారం సంతకాలు.

పొన్నమ్మగారిది కొడగు. కొత్తగా కంపెనీలు పెట్టేవాళ్ళకు శనివారాలు పాఠాలు చెబుతారు. భాగస్వామిని అనుమానిస్తే కంపెనీ పునాదిలోనే కూలుతుందని ఆవిడ చెప్పినప్పుడు నేనూ తల ఊపాను. ఊపడానికేం, సొమ్మేం పోయింది.

కోరమంగళలో ఇలాంటి సరుకే చేసే కంపెనీ ఇంకోటి ఉంది. ఈమధ్య దత్తాకు ఫోనొస్తే మెట్ల మీదికి వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. వీడు అక్కడ పెద్ద జీతానికి బేరం కుదుర్చుకుంటున్నాడని నాకు ఖాయమైపోయింది. సంతకాలయ్యాక చెయ్యిస్తే నా గతేం కాను? గురువారం వాడి వెనకే ఆటో ఎక్కాను.

వాడి బండి కోరమంగళ వైపు తిరగలేదు. తిన్నగా మల్లేశ్వరం వెళ్ళి హెబ్బార్ క్లినిక్ ముందు ఆగింది. పాపం, నిజంగానే పన్ను నొప్పేమో అని సిగ్గుపడబోయి, ఎందుకైనా మంచిదని అద్దం తలుపు కాస్త తీసి తొంగిచూశాను. దత్తా రోగుల బెంచీ మీద లేడు. బల్ల వెనక కుర్చీలో కూర్చుని ఫోనులో ఎవరికో నచ్చజెబుతున్నాడు.

"నొప్పేం ఉండదు తాతగారూ. రేపు మూడింటికి రండి. నేనుంటాగా."

ఫోన్ పెట్టేసి మా సాఫ్ట్‌వేర్లో ఆయన పేరు ఎక్కించాడు. ఇన్నాళ్ళూ నా గ్రాఫ్‌ను లేపింది వీడి వేళ్ళే.

బయటికి పిలిచి నిలదీశాను. రిసెప్షన్లో ఉండే అమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిందట. డాక్టరుగారు మా సరుకు ఒక్కసారి కూడా తెరిచి చూడలేదట.

"నాకెందుకు చెప్పలేదు?"

"పొద్దున్నే ఆ గ్రాఫ్ చూసి ఎంత మురిసిపోయేదానివి. ఎలా చెప్పను శాల్మలీ? రెండ్రోజులు నేనే ఎక్కించి, తర్వాత ఆయనకు నేర్పిద్దామనుకున్నా. ఆయన నేర్చుకోలేదు. నేను మానలేకపోయా."

ఒళ్ళు మండిపోయింది. వీడు నన్ను వదిలి పోవడం లేదని లోపల సంతోషం కూడా కలిగింది. దాంతో ఇంకా మండింది. చివరికి సంతకాలయ్యేదాకా నోరు మెదపకూడదని, డబ్బొచ్చాక నిజంగా వాడేవాళ్ళను వెతుక్కోవచ్చని అనుకున్నాం. ఆ మాట అన్నది నేనే.

శుక్రవారం భోజనాలయ్యాక పొన్నమ్మగారు వచ్చారు. కలం మూత తీసి, గ్రాఫ్ వైపు చూసి, మళ్ళీ మూత పెట్టేశారు. ఇంత నున్నగా పైకి పోయే గ్రాఫ్ తానెక్కడా చూడలేదన్నారు. ఆయన్నే ఒకమాట అడుగుదామంటూ హెబ్బార్‌గారికి ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టారు. దత్తా నేల చూపులు చూస్తున్నాడు.

వీళ్ళ సాఫ్ట్‌వేర్ ఎలా ఉందని అడిగారావిడ.

"బంగారమండీ," అన్నారు డాక్టరుగారు.

హమ్మయ్య అనుకున్నాను.

"ఇదివరకు సగంమంది భయపడి వచ్చేవారే కాదు. ఇప్పుడు ధైర్యం చెప్పి మరీ రప్పిస్తాడు. పెద్దవాళ్ళను చెయ్యి పట్టుకుని మెట్లెక్కిస్తాడు. అన్నట్టు, ఇవాళ ఇంకా రాలేదేంటండీ? ఆ అబ్బాయి వస్తేగాని కుర్చీ ఎక్కనని ఒక పెద్దాయన మొండికేసి కూర్చున్నారు."

పొన్నమ్మగారు ఫోన్ తీసుకున్నారు. కలం సంచిలో వేసుకున్నారు.

"వెళ్ళు నాయనా, ఆయన కాచుకునున్నారు," అన్నారు దత్తాతో. సంతకాలు పడని కాగితాలు నా ముందుకు జరిపారు.