సోములమ్మ ఇంటి పాట

సీలేరుకు పైన, జీపు కూడా ఎక్కనని మొరాయించే కొండమీద కనుమపాడు అని ఒక పల్లె ఉండేది. ఆ పల్లెలో ప్రతి ఇంటికీ సొంతంగా ఒక పాట ఉంటుంది. మనిషి పోయినప్పుడు ఆ ఇంటి కూతురు పాడే పాట అది. ఏ గెడ్డ, అంటే ఏ కొండవాగు, దాటాలో, ఏ గట్టు దగ్గర వెనక్కి తిరిగి చూడకూడదో చెప్పి, పోయినవాళ్ళను వాళ్ళ పెద్దల దగ్గరికి చేరుస్తుంది. కూతురు లేని ఇంటివాళ్ళు పక్కింటి పాట అడిగి తెచ్చుకుంటారు. అడగడమంటే గుమ్మంలోకి ఒక కోడిని తెచ్చి ఇవ్వడమే. ఆ కోడిని వండి అందరూ కలిసి తిన్నారా, పాట ఇచ్చేసినట్టే లెక్క. ఎవరు పోయారని అడగడం మర్యాద కాదు. ఇచ్చినదాన్ని మళ్ళీ తీసుకోవడం ఆ కొండమీద ఎవరూ ఎరగరు.

రాజులమ్మ తల్లి సోములమ్మ మంచం పట్టి చాలాకాలమైంది. ముసలిదానికి తిండి మీద ధ్యాస లేదు, మందు మీద నమ్మకం లేదు. ఉన్న బెంగంతా పాట గురించే.

"మజ్జిలో ఆపీకే గుంటా. ఆపితే నాను అడివిలో తప్పిపోతాను" అనేది.

"ఆపన్లేయే అమ్మా" అని రాజులమ్మ మాట ఇచ్చింది. బతికున్నవాళ్ళ కోసం పాడకూడదు గనక, రాగం తియ్యకుండా మాటలు మాత్రం తల్లికి అప్పజెబుతూ ఉండేది.

ఇంతలో విల్సన్ వచ్చాడు. కింద సీలేరు ప్రాజెక్టు కాలనీలో ఉంటాడు, ఒక సినిమా హీరోకి వీరాభిమాని. కొత్తగా కంప్యూటర్లు వచ్చిన రోజులవి. హీరో పుట్టినరోజుకి అభిమాన సంఘం తరఫున తన చేత్తో ఒక సీడీ చేద్దామని పూనుకున్నాడు. సినిమాల్లోంచి హీరో బొమ్మలు సంపాదించాడు. ఇంతవరకూ ఎవరూ వినని పాట ఒకటి కావాలి. అందుకని టేప్ రికార్డర్ భుజాన వేసుకుని కొండెక్కాడు. పైన హోటలు ఉండదని ఎవరో చెబితే, దారిలో ఒక కోడిని కొని సంచిలో వేసుకున్నాడు. ఎదురైన మొదటి గుమ్మంలో ఆగి, ఆ కోడిని రాజులమ్మ చేతిలో పెట్టాడు.

"అప్పా, ఇది కాస్త వండి పెడతావా? మీ పాటొకటి పాడితే రికార్డు చేసుకుంటాను."

పాపం, వాడికి కావలసింది భోజనం. తల్లీకూతుళ్ళకు అర్థమైంది వేరు.

"కిందూరు గుంటడైనా మరేద తెలిసినోడే. ఆలింట్లో ఎవులు పోనారో ఏటో. దాసకుండా పాడే" అంది సోములమ్మ మంచంలోంచి.

రాజులమ్మ పాడింది. ఎవరో తెలియని ఆ మనిషి దారి తప్పకూడదని ఒక్క చరణం వదలకుండా పాడింది. తర్వాత సోములమ్మ మంచం దగ్గరే ముగ్గురూ కోడికూర తిన్నారు. విల్సన్ రెండోసారి అడిగి మరీ వడ్డించుకున్నాడు.

చింతపండు అమ్ముకోవడానికి సంతకు దిగిన రోజు, రాజులమ్మకు సీడీల కొట్టులోంచి తన గొంతు వినబడింది. వెనక డప్పులు, ఈలలు కలిపారు. "గెడ్డ దాటి నడువు తల్లీ, నడువు" అని తను పాడుతుంటే టీవీలో హీరో కళ్ళద్దాలు పెట్టుకుని నడిచొస్తున్నాడు. చరణం చివర హీరో పేరు పెట్టి పదిమంది కేక వేస్తున్నారు. కొట్టు ముందు కుర్రాళ్ళు చొక్కాలు విప్పి ఊపుతూ గంతులేస్తున్నారు. అందులో సగంమంది కనుమపాడు వాళ్ళే.  రాజులమ్మ చింతపండు గంప అక్కడే వదిలేసి, దారి అడుగుతూ విల్సన్ ఇంటికి పోయింది.

"సూశావా అప్పా! నీ గొంతే. రాజవొమ్మంగి దాకా ఇదే మోగుతోంది" అన్నాడు వాడు సంబరంగా.

"అది సచ్చిపోయినోల పాట బాబూ. ఆపీమను."

"ఆపడమేటి? హీరోగారి బొమ్మలు వాడుకోడానికి హైదరాబాదు ఆఫీసుకి రాసి, పర్మిషన్ వచ్చేదాకా కాసుకు కూర్చున్నాను. లేపోతే కేసెట్టీసేవోరు!"

"మరి మా పాటకి?"

"పాటకేటి? అడివిలో పాట, ఎవరిదని అడగాలి?"

"మాది బాబూ. నువ్వు కోడి తెచ్చినావని ఇచ్చినాం."

కోడి కట్టుబాటు సంగతంతా విని విల్సన్ పగలబడి నవ్వాడు. "అయితే ఇంకేటి గొడవ? తినీసినారు కదా, ఇచ్చీసినట్టే!"

బొమ్మకున్న విలువ ప్రాణమున్న గొంతుకు లేకపోయింది. రాజులమ్మకు ఒళ్ళు మండిపోయింది. కానీ తమ కట్టుబాటు ప్రకారం వాడన్నది నిజమే. సంతలో వదిలేసిన గంప తీసుకుని కొండెక్కింది. తల్లికి ఏమీ చెప్పలేదు.

వానలు పడుతుండగా సోములమ్మ పోయింది. ఊరంతా వచ్చింది. పాడె సిద్ధమయ్యాక రాజులమ్మ తల దగ్గర నిలబడి గొంతెత్తింది. మొదటి చరణం అయ్యీ కాకముందే వెనకనుంచి ఎవడో అలవాటు కొద్దీ హీరో పేరు పెట్టి కేక వేశాడు. ఇంకొకడు ఈల వేశాడు. వెంటనే నాలిక కరుచుకున్నారు గానీ, నవ్వు ఆగలేదు. పాడె మొయ్యడానికి నిలబడ్డవాళ్ళ భుజాలు కూడా నవ్వుతో కదిలాయి. రాజులమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఎవరూ అరవలేదు. కానీ చరణం చివర ఆ కేక ఆమె చెవుల్లోనే మోగింది, తల్లి పాడె ముందు ఆ కళ్ళద్దాల హీరో నడుస్తున్నట్టు కనిపించాడు. పాట మధ్యలోనే ఆగిపోయింది.

రాజులమ్మ పోయి పక్కింటి కనక చెయ్యి పట్టుకుంది. "మీ ఇంటి పాట నువ్వు పాడప్పా. నీ కాళ్ళట్టుకుంతాను. అమ్మని ఒట్టినే పంపీకు."

కనక చెయ్యి విడిపించుకుంది.

"మీ పాట సంతలో పారేసుకున్నారు. మాదీ పారేసుకోమంతావా? ముసిల్దానికి అంత రాసిపెట్టుంది. ఎత్తండ్రా, వాన బేగి వొచ్చీలాగుంది."

ఎత్తారు. దారిలోనే వాన అందుకుంది, డప్పు కూడా తడిసి సరిగా పలకలేదు. గెడ్డ దగ్గర మోసేవాళ్ళు కాళ్ళు కడుక్కోవడానికి ఆగినప్పుడు, రాజులమ్మ వంగి తల్లి చెవిలో మాటలైనా చెప్పాలని చూసింది. ఏ గట్టు ముందో, ఏ గెడ్డ తర్వాతో ఆమెకు ఒక్కటీ గుర్తు రాలేదు.