పేరుకు ముందా, వెనకా

దేవరకొండ ఖిల్లా కింద మిలిటరీవాళ్లు వేసిన ముళ్లకంచె బయట ఆడవాళ్లు పొద్దున్నుంచీ కూర్చుని ఉన్నారు. వాళ్లలో నర్సింగమ్మ, ఆమె అత్త అమృతమ్మ కూడా ఉన్నారు. రజాకార్ల పీడ పోయిందని ఊళ్లు సంబరపడి ఏడాది తిరగలేదు, కమ్యూనిస్టుల సంఘంలో తిరిగినవాళ్లనూ వాళ్లకు అన్నం పెట్టినవాళ్లనూ మిలిటరీవాళ్లు పట్టుకుపోవడం మొదలైంది. నర్సింగమ్మ భర్త గుర్వయ్యను జొన్నచేను కోస్తుండగా తీసుకుపోయారు. ఎక్కడ ఉంచారో ఎవరూ చెప్పలేదు. ఆ రోజు అచ్చంపేట క్యాంపు నుంచి ఖైదీలను లారీలో ఇక్కడికి తెస్తారని తెలిసి, అత్తాకోడళ్లు రొట్టెలు మూటగట్టుకుని వచ్చారు.

పొద్దు నడినెత్తికి వచ్చినా లారీ రాలేదు. సికింద్రాబాదులో ఒక వకీలు దగ్గర గుమాస్తాగా చేసి ఊరు చేరిన రఘుపతిని అమృతమ్మ బతిమాలి వెంట తెచ్చుకుంది. ఆ చుట్టుపక్కల ఇంగ్లీషు వచ్చిన మనిషి ఆయనొక్కడే. జీపెక్కుతున్న ఆఫీసరును ఆయన చేతులు జోడించి గుర్వయ్య సంగతి అడిగాడు. ఆఫీసరు ఏదో గబగబా చెప్పి వెళ్లిపోయాడు. ఇంజను మోతలో సగం మాటలు కలిసిపోయాయి.

రఘుపతి మెల్లగా కంచె దగ్గరికి తిరిగి వచ్చాడు.

"ఏమన్నడు పంతులూ?" అంది అమృతమ్మ.

"సక్కగ ఇనపడలే. గుర్వయ్య పేరన్నడు. లేట్ అన్నడు."

"అంటే?"

ఆయన చెప్పలేక చెప్పాడు. "నేను రాసిన కాయితాల్ల ఆ మాట సచ్చిపోయినోళ్ల పేరుకే వస్తుండె. మనిషి లేడని."

అమృతమ్మ దుమ్ములో కూలబడింది. నర్సింగమ్మ మాత్రం, "కాదు, లేటంటే గది కాదు!" అని అరిచినట్టే అంది. ఆమె తండ్రి బక్కయ్య జడ్చర్లలో రైలుపట్టాల మీద గ్యాంగ్‌మన్. ఆ మాట వింటూనే ఆమె పెరిగింది. "బండి లేటు అంటరు. అంటే ఇంకా రాలేదని. వస్తదని."

"అది బండికి, బిడ్డా," అన్నాడు రఘుపతి దిగులుగా. "మనిషికి గట్లనరు."

ఇంటికి వచ్చాక కులపెద్దలు కూర్చున్నారు. శవం లేదు కాబట్టి బొమ్మ చేసి కర్మ జరిపించాలన్నారు. గాజులు తీయడానికి ఆడవాళ్లు వస్తే నర్సింగమ్మ చేతులు చంకల్లో దాచుకుంది.

"ఆయన వస్తడు. నేను తియ్య," అంది.

అమృతమ్మ ఆమె ముందు కూర్చుని ఏడ్చింది. "నాకు మాత్రం ఇష్టమా బిడ్డా? వాడు పోతే పోయినచోటికన్న చేరాలె గదా! పిండం పెట్టకుంటే నా కొడుకు ఆకలితోని ఏడ తిరగాలె?"

అత్త తన కొడుక్కి పిండం పెట్టింది. కోడలు గాజులతోనే జడ్చర్లకు తండ్రి దగ్గరికి వెళ్లిపోయింది.

అక్కడ స్టేషనుకు నీళ్లు మోసేది. బండి వచ్చినప్పుడల్లా కుండ దించి, దిగేవాళ్లను చివరి మనిషి దాకా చూసేది. గుర్వయ్య ఎప్పుడూ ఆమెను పేరుపెట్టి పిలవలేదు. చేను నుంచి వచ్చి వాకిట్లో సన్నగా దగ్గేవాడు, అంతే. ఇప్పుడు ప్లాట్‌ఫారం మీద ఎవరు దగ్గినా తల తిరిగేది.

ఒక సాయంత్రం ఆమె స్టేషన్ మాస్టరును అడిగింది. "సారూ, లేటంటే ఏంది?"

ఆయన నవ్వి పట్టాలవైపు చెయ్యి చూపాడు. "గీ బండే. ఇంకా రాలేదు సూడు."

"ఇంకో అర్థం లేదా?"

ఆమె ముఖం చూసి ఆయన నవ్వు ఆపాడు. "ఉంది. వాన జర ఆలస్యమైనా లేటే, పొద్దుపోయినా లేటే. చనిపోయినోళ్లను గూడ గట్లనే అంటరు."

"మరి ఏ లేటో ఎట్ల తెలుస్తది?"

"పేరుకు ముందొస్తే మనిషి లేడని. పేరు చెప్పినంక వెనకొస్తే, ఇంకా రాలేదని."

నర్సింగమ్మ బెంచీ పక్కన నేలమీద కూర్చుంది. జీపు, దుమ్ము, ఆఫీసరు చేతిలో బెత్తం అన్నీ గుర్తుకొచ్చాయి. పేరు ముందా, ఆ మాట ముందా? రెండు రకాలుగానూ లోలోపల అనుకుని చూసింది. అనగా అనగా రెండూ ఆ ఆఫీసరు గొంతులాగే వినిపించసాగాయి. ఆ తర్వాత ఏది తాను విన్నదో, ఏది కావాలనుకున్నదో ఆమెకే తెలియలేదు.

వానాకాలం మొదట్లో బండి దిగినవాళ్లలో మైసయ్య కనిపించాడు. గుర్వయ్యతోపాటు పట్టుబడ్డ వాళ్ల ఊరి మనిషి. ఆమెను చూసి ఆశ్చర్యపోయాడు.

"గీడున్నవేంది వదినా?"

నర్సింగమ్మ కుండ దించి, అతని వెనక దిగేవాళ్లకేసి చూసింది. ఆమె చూపు అర్థమై, అతనే చెప్పాడు. "అన్న మంచిగున్నడు. గుల్బర్గ జైల్ల నాతోనే ఉండె. నన్ను ఇడిసిపెట్టిండ్రు."

"దేవరకొండకు తెస్తరన్నరు గదా ఆ పొద్దు..."

"తెస్తుండ్రి. డిండి వాగుల లారీ దిగబడ్డది. ఎంత తోసినా లేవకపాయె. ఆఖరుకు ఇంకో లారీ ఎక్కించి గటు నుంచి గటే గుల్బర్గకు పంపిండ్రు."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ రోజు కంచె దగ్గర రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది.

ముందు అత్త దగ్గరికే వెళ్లింది. కొడుకు బతికి ఉన్నాడని విన్న అమృతమ్మ సంతోషపడక ముందే బెదిరిపోయింది. "బతికున్నోనికి పిండం పెట్టిన గదా బిడ్డా!" అని తల బాదుకుంది.

"ఫికర్ చెయ్యకత్తా. ఆకలి మీదున్నడు, తిన్నడనుకో," అంది నర్సింగమ్మ. ఇద్దరూ నవ్వబోయి ఏడ్చారు.

ములాఖత్‌కు ఇద్దరూ గుల్బర్గ వెళ్లారు. ఇనప జాలీ అవతల గుర్వయ్య నిలబడ్డాడు. బక్కచిక్కాడు. గడ్డం నెరిసింది.

"జొన్న ఏమాయె?" అన్నాడు ముందుగా.

"కోసినం. ఎప్పుడొస్తవ్?"

"తెల్వదు. కేసు నడుస్తాంది. ఇంకా ఎన్నేండ్లో."

జాలీ కన్నంలో చిటికెన వేలు మాత్రమే పట్టేది. నర్సింగమ్మ వెనక్కి జరిగి అత్తను ముందుకు తోసింది. అమృతమ్మ వేలు దూర్చి కొడుకు వేలును ఆనించుకుని అలాగే ఉండిపోయింది. ఇక చాలని సిపాయి కర్రతో నేల తట్టాడు. నర్సింగమ్మ జాలీ దగ్గరికి వచ్చేసరికి గుర్వయ్యను అవతలికి నడిపించుకుపోతున్నారు. అతను రెండుసార్లు తిరిగి చూశాడు.

జైలు గోడ బయట ఎండలో అమృతమ్మ ఆగింది. కోడలి అరచెయ్యి తెరిచి, అందులో తన చిటికెన వేలు గట్టిగా ఒత్తింది.

"గీడ తాకింది వాని వేలు," అంది.

నర్సింగమ్మ పిడికిలి ముడుచుకుంది. స్టేషను దాకా విప్పలేదు.