సగంలో ఆగిన బాప్తిస్మం

నెల మొదటి ఆదివారం వచ్చిందంటే నాకు ఒళ్ళు మండేది. ఆ రోజు మా చర్చిలో ప్రభువు బల్ల. తెల్ల చేతి తొడుగులు వేసుకున్న డీకన్లు, అంటే సంఘ పెద్దలు, రొట్టె ముక్కల పళ్ళెం వరసవరసకీ పంపిస్తారు. ఎవరి ముక్క వాళ్ళు తీసుకుని చేతిలో పట్టుకుని ఆగాలి. పాస్టర్ గారు చెప్పాకే అందరూ ఒక్కసారి నోట్లో పెట్టుకోవాలి. మా ఆయన రోస్కో మాత్రం ఆ పళ్ళేన్ని అటు అందుకుని ఇటు నాకు అందించేవాడు, పక్కింటివాళ్ళ పార్సిల్ మన గుమ్మంలో దింపితే తీసి ఇచ్చేసినట్టు. ముక్క ముట్టేవాడు కాదు. ముట్టకూడదు కూడా. బాప్తిస్మం లేనివాళ్ళకి మా దగ్గర బల్లలో వంతు లేదు.

రోస్కోకి బాప్తిస్మం లేదా అంటే, ఉందో లేదో తేల్చడానికి మిసిసిపీలో ఈ మూల ఒక తరం మనుషులు గొంతులు పోగొట్టుకున్నారు. చిన్నప్పుడు వాడికి బాప్తిస్మం ఇవ్వడానికి ముసలి పాస్టర్ ఒకాయన ఏట్లోకి దింపాడు. పైన ఎక్కడో వాన పడి ఏరు ఎర్రగా ఉందట. ఆయన చెయ్యెత్తి "తండ్రి యొక్కయు" అన్నాడు, "కుమారుని" అనేలోపు బురదలో కాలు జారింది. ఇద్దరూ మునిగారు. పాస్టర్‌ని డీకన్లు లాగారు. రోస్కోని ఏరు లాక్కుపోయింది. వంపు దగ్గర ఏదో చెట్టు వేరు చేతికి తగిలితే పట్టుకుని అవతలి గట్టెక్కి, తడి అంగీతోనే ఇంటికి పరిగెత్తాడు.

మునగడమైతే మునిగాడు, కానీ తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అన్న మూడు పేర్లూ పూర్తి కాలేదు. అది చెల్లుతుందా చెల్లదా? పెద్దలు కూర్చున్నారు, అరుచుకున్నారు, కొందరు మాటలు మానేశారు. చివరికి గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడ్డ విల్లీ మే సాక్ష్యం చెప్పింది, "కుమారుడు దాకా రాలేదు" అని. చెల్లదన్నారు. ఆ విల్లీ మే ఇప్పుడు మా చర్చికి పెద్దమ్మ. మదర్ విల్లీ మే. తెల్ల టోపీ పెట్టుకుని ముందు బెంచీలో కూర్చుంటుంది, చెవులు ఇప్పటికీ పాము చెవులే.

ఆ తర్వాత రోస్కో నీళ్ళ దగ్గరికి రాలేదు. బాగా ఏటవాలుగా ఉన్న ఇళ్ళ కప్పుల మీద పని చేస్తాడు, పైనుంచి కిందికి చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి, వాడు ఈల వేసుకుంటూ రేకులకి మేకులు దిగ్గొడతాడు. ఆ మనిషే స్నానాల తొట్టి నింపనివ్వడు. క్యాట్‌ఫిష్ వేపుడు పళ్ళెం నాకేస్తాడు గానీ, చేపలు పట్టడానికి ఏటి గట్టుకి రమ్మంటే నడుం నొప్పంటాడు.

నేను చెయ్యని ప్రయత్నం లేదు. గిన్నెలు తోమే తొట్టిలో నీళ్ళు పోసి, ముందు మొహం ముంచడం నేర్చుకోమన్నాను. ముక్కు కొస తడిపి లేచాడు.

"దేవుడు చూశాడు, నేను ప్రయత్నించాను," అన్నాడు.

"ముక్కుకి బాప్తిస్మం ఇస్తే సరిపోతుందా?"

"మెథడిస్టుల చర్చిలో ముంచరట, నెత్తిన నీళ్ళు చల్లుతారట టీన్." ఎర్నెస్టీన్ అన్న నా పేరుని వాడు అలా కురచ చేశాడు.

ఈ మాట ఎలా పొక్కిందో మదర్ విల్లీ మే చెవిన పడింది. "ఒరేయ్ రోస్కో, పో, వాళ్ళ దగ్గరికే పో. పూలమొక్కకి చల్లినట్టు చల్లుతారు. నువ్వూ విచ్చుకుందువుగాని," అంది అందరి ముందూ.

ఇక ఊళ్ళో ప్రతివాడూ వాడికి బోధ చేసేవాడే. మంగలి షాపులో, పెట్రోలు బంకులో, ఎవరు కనిపించినా భుజం మీద చెయ్యేసి, "దేవుణ్ణి నమ్ముకో బ్రదర్, భయం పోతుంది," అనేవాళ్ళు. ఏదో మందుబిళ్ళ పేరు చెప్పినట్టు చెప్పేవాళ్ళు. రోస్కో దానికి ఒకటే జవాబు. "నాకు దేవుడి మీద నమ్మకమేనయ్యా. పాస్టర్ చేతుల మీదే లేదు. నా వీపు కింద ఉండేది ఎవరి చెయ్యి?"

నవ్వేవాళ్ళు. నాకు నవ్వు వచ్చేది కాదు. పెళ్ళయిన దగ్గర్నుంచి జుట్టు నెరిసేదాకా ఆ రొట్టె నేనొక్కదాన్నే తిన్నాను. మా ఆయన పక్కనే కూర్చుని, నా పక్క చూడకుండా పాటల పుస్తకం తిరగేసేవాడు. భర్త చచ్చిపోయినవాళ్ళు ఒంటరిగా తింటే అర్థముంది. నాకేం ఖర్మ?

పోయిన వసంతంలో ఒక మొదటి ఆదివారం నాకు విసుగు నెత్తికెక్కింది. రోస్కో పళ్ళెం అందించాడు. నేను ముక్క తీసుకోకుండా పక్కవాళ్ళకి అందించేశాను.

వాడు నా వైపు తిరిగాడు. "అదేంటి, తీసుకోలేదే?"

"నువ్వు తిన్న రోజు నేనూ తింటాను."

"ఏమే, మతిగానీ పోయిందా? నీకు హక్కుంది కదే."

"ఉండనీ."

చర్చి అంతా చూసింది. సిగ్గుతో రోస్కో మొహం మాడిపోయింది. మర్నెల కూడా ముట్టలేదు నేను. పంతానికి అన్నానే గానీ, ఆకలి అంటే ఏంటో అప్పుడు తెలిసింది. చిటికెడు రొట్టె ముక్క కోసం అలా ఏడుపొస్తుందని నేననుకోలేదు. ఇంటికొచ్చాక రోస్కో టోపీ బల్ల మీద పడేసి, "సరే, దిగుతానని పాస్టర్‌కి చెప్పు," అన్నాడు.

మా పాస్టర్ మార్సెల్ కొత్తగా వచ్చాడు. కుర్రాడు, మంచివాడు, గాలికి ఎగిరిపోయేలా ఉంటాడు. రోస్కో పక్కన నిలబడితే తలుపు పక్కన చీపురు పెట్టినట్టుంటుంది. ఇప్పుడు ఏటికి వెళ్ళక్కర్లేదు, పాటల బృందం వెనక తొట్టి కట్టించారు, గోరువెచ్చటి నీళ్ళు, మెట్లు, పట్టుకోవడానికి కడ్డీ. అన్నీ చూపించి ధైర్యం చెప్పాడు.

ఆ ఆదివారం రోస్కో తెల్ల అంగీ వేసుకుని మెట్ల మీదికొచ్చాడు. ఒక మెట్టు. రెండు మెట్లు. మోకాళ్ళ దాకా దిగి కడ్డీ పట్టుకున్నాడు. పాట అయిపోయింది, మళ్ళీ మొదలెట్టారు, అదీ అయిపోయింది. పాస్టర్ నీళ్ళలో చేతులు చాపుకుని నిలబడ్డాడు. రోస్కో వెనక్కి తిరిగి, ఒళ్ళంతా పొడిగా, మోకాళ్ళ కింద మాత్రం తడిగా, పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు.

కారులో నేను నోరు అదుపులో పెట్టుకోలేదు. పెట్టుకోవాలనీ అనుకోలేదు. "ఇంత పొడుగున్నావు, ఇంత లావున్నావు, నడుం దాకా నీళ్ళకి పారిపోతావా? నమ్మకం నమ్మకం అని డప్పు కొట్టుకోవడమే గానీ నీకు దేవుడి మీద నమ్మకం లేదు. ఉంటే దిగేవాడివి."

రోస్కో కారు రోడ్డు పక్కకి తీసి ఆపాడు.

"ఆ రోజు ఏట్లో నేను పిలిచాను టీన్."

"ఎవర్ని?"

"ఇంకెవర్ని? నీళ్ళ కింద, నోరు తెరిచి పిలిచాను. పాస్టర్ చెప్పిన పేరే. నోటినిండా బురద వచ్చింది. ఏ చెయ్యీ రాలేదు."

"వేరు దొరికిందిగా. ఆ వేరు ఎవరు పెట్టారు?"

"అదే మాట అందరూ అంటారు. వేరు వేరే. చెట్టుకి ఉంటుంది." స్టీరింగు మీద వేళ్ళు బిగించాడు. "నీళ్ళంటే కాదే నా భయం. మళ్ళీ మునుగుతాను, మళ్ళీ పిలుస్తాను, మళ్ళీ ఎవరూ రాకపోతే? అప్పుడు ఈ ఆదివారాలన్నీ ఏం చేసుకోను? తెలుసుకోకపోతేనే నయం అని ఇన్నాళ్ళూ ఒడ్డునే కూర్చున్నాను."

అది నాకు ఇంకా కోపం తెప్పించింది. మునగడానికి భయపడే మొగుడితో పోట్లాడగలను. దీనితో ఎలా పోట్లాడాలి? నన్ను తొమ్మిదేళ్ళప్పుడు ఎండాకాలం మడుగులో ముంచారు, మా నాన్న పక్కనే ఉన్నాడు, పైకొచ్చాక పీచ్ పళ్ళ కేకు పెట్టారు. నా నమ్మకానికి ఎప్పుడూ బురద తగల్లేదు.

ఇంటి దగ్గర దిగుతూ అన్నాను. "ఈసారి నేనూ దిగుతాను నీతో."

"నీకు ఈత రాదుగా."

"రాదు. చెయ్యి వస్తుందో రాదో ఇద్దరం కలిసే చూద్దాం."

డీకన్ టాలీ ఒప్పుకోలేదు. "అలా ఎక్కడా లేదు సిస్టర్ ఎర్నెస్టీన్. పాస్టరూ డీకనూ దిగుతారు. భార్యలు దిగే పద్ధతి లేదు."

"దిగకూడదని ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి, వెళ్ళిపోతాను."

ఆయన బైబిలు మూసుకుని వెళ్ళిపోయాడు. పాస్టర్ మార్సెల్ మాత్రం నవ్వి, అంగీ ఒకటి నా చేతిలో పెట్టాడు.

తీరా తొట్టిలో దిగేసరికి నీళ్ళు నాకు గుండెల దాకా వచ్చాయి. అంగీ పైకి తేలిపోతోంది, కాళ్ళ కింద పలకలు జర్రున జారుతున్నాయి. రోస్కో అంగీ గుప్పిట పట్టుకున్నాను. నిజంగా భయమేసింది.

"నువ్వూ వణుకుతున్నావే," అన్నాడు రోస్కో చెవి దగ్గర.

"నోర్మూసుకుని చేతులు కట్టుకో."

పాస్టర్ వాడి మెడ వెనక ఒక చెయ్యి వేశాడు. నేను వీపు కింద చెయ్యి పెట్టాను. పాట ఆగింది. పాస్టర్ కుడి చెయ్యెత్తి, "తండ్రి యొక్కయు," అన్నాడు. రోస్కో మరి ఉండబట్టలేకపోయాడో ఏమో, అప్పుడే వెనక్కి వాలిపోయాడు. అంత మనిషి ఒక్కసారిగా మీద పడితే పాపం ఆ కుర్రాడేం ఆపుతాడు? ఆయన కాలు జారింది. నా కాలూ జారింది. ముగ్గురం మునిగాం.

ముక్కులోకీ చెవుల్లోకీ నీళ్ళు కొట్టాయి. పైనేదో కిందేదో తెలియలేదు. ప్రభువా అనుకున్నాను, అంతకు మించి మాట రాలేదు. అప్పుడే ఒక చెయ్యి నా చంక కింద దూరి నన్ను పైకెత్తింది.

కళ్ళు తెరిస్తే రోస్కో. ఒక చేత్తో నన్ను పట్టుకున్నాడు, ఇంకో చేత్తో పాస్టర్‌ని అంగీ మెడ పట్టి పిల్లికూనని ఎత్తినట్టు ఎత్తాడు. పాస్టర్ దగ్గు ఒక్కటే వినిపిస్తోంది.

ముందు బెంచీలోంచి మదర్ విల్లీ మే గొంతు లేచింది. "కుమారుడు దాకా రాలేదు."

దేవుడి ఇంట్లో ఉండి చెబుతున్నాను, ఆ క్షణంలో ఆ తెల్ల టోపీని తీసుకొచ్చి తొట్టిలో ముంచుదామనిపించింది. అయిపోయింది అనుకున్నాను. ఇక వీడు ఈ జన్మకి దిగడు. నా రొట్టెకీ నాకూ చెల్లు.

రోస్కో మొహం తుడుచుకున్నాడు. "నిజమేనా పాస్టర్ గారూ?"

"నిజమే బ్రదర్... క్షమించండి. ఇంకో వారం చూసుకుందాం, మీరు కుదుటపడ్డాక..."

"ఇంకో వారం ఎందుకు? నీళ్ళెక్కడికీ పోలేదుగా. మళ్ళీ మొదట్నుంచి చెప్పండి. ఈసారి ఆఖరిదాకా ఆగుతాను."

తనంతట తనే చేతులు గుండెల మీద కట్టుకున్నాడు. పాస్టర్ చెప్పాడు, తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ, ఒక్కొక్కటీ మదర్ విల్లీ మే వైపు చూస్తూ గట్టిగా. రోస్కో మెల్లగా వెనక్కి వాలాడు. నా చేతి మీద వాడి బరువు పెద్దగా తెలియలేదు. నీళ్ళ కింద కళ్ళు తెరిచే ఉన్నాడు, మొహంలో ఏ బెదురూ లేదు. ఏ తొందరా లేకుండా పైకి లేచాడు. పాటల బృందం ఏం పాడిందో నాకు గుర్తు లేదు, నేను ఏడుస్తున్నాను.

తిరిగొచ్చేటప్పుడు కారులో అడక్కుండా ఉండలేకపోయాను. "పిలిచావా?"

"మొదటిసారి పిలుద్దామనే నోరు తెరవబోయాను. నువ్వు కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ కనిపించావు. పిలవడం మర్చిపోయాను."

"మరి భయం?"

"లేదు. ఎక్కడికి పోయిందో చూసుకున్నాను కూడా, లేదు. నా సంగతి నాకు తెలుసు టీన్. అంత గుండె ధైర్యం నాది కాదు, నాకు ఎప్పుడూ లేదు. ఎవరో తెచ్చి పెట్టారు." కారు మలుపు తిప్పాడు. "అందుకే రెండోసారి పిలవలేదు. దూరంగా ఉన్నవాణ్ణి కదా కేకేస్తాం."

"మరి ఏట్లోనో?"

"అప్పుడు నాకు చెవులనిండా బురదేగా," అన్నాడు.

మొదటి ఆదివారం వచ్చింది. పళ్ళెం మా వరసకి వచ్చింది. రోస్కో ముక్క తీసుకున్నాడు, నాకు అందించాడు, నేనూ తీసుకున్నాను. నా తడి కళ్ళకి పాస్టర్ మసగ్గా కనిపిస్తున్నాడు. ఇంకా వెనక వరసలకి పళ్ళెం వెళ్తూనే ఉంది.

పక్కకి చూద్దును కదా, వీడు నములుతున్నాడు.

జీవితమంతా ఆగిన మనిషి ఆ కాస్తసేపు ఆగలేకపోయాడు! ముందు బెంచీలో తెల్ల టోపీ గిర్రున ఇటు తిరిగింది. డీకన్ టాలీ గొంతు సవరించాడు. రోస్కో సగం నమిలిన ముక్కతో, బుగ్గ ఉబ్బెత్తుగా, తప్పు తెలిసి బిక్కమొహం వేసుకుని నా వైపు చూశాడు.

ఒళ్ళు మండిపోయింది నాకు. మదర్ విల్లీ మే చూస్తుండగానే నా ముక్క కూడా నోట్లో పెట్టుకున్నాను.