పొట్టోడు పరిగెత్తే గది

పొద్దున్నే లేచి మంచం మడిచి గోడకు ఆనించడం లోకేశ్వరి మొదటి పని. మంచం దించితే తలుపు తెరుచుకోదు. తలుపు తెరిస్తే స్టవ్వు ముందు నిలబడే చోటుండదు. చిత్తూరు కోర్టు వెనక సందులో ఆ గది, మొగుణ్ని వద్దనుకుని వచ్చేశాక ఆమె తనకోసం అద్దెకు తీసుకున్నది. పగలు జిరాక్సు కొట్టులో పని, సాయంత్రం గది. మధ్యలో మాట్లాడే మనిషి లేరు.

ఒంటరి ఆడదాని ఇల్లంటే చుట్టాలకు సామాన్ల కొట్టు. పుత్తూరులో ఉండే తమ్ముడు మునిశేఖర్ పాడైన మిక్సీ తెచ్చి పెట్టాడు. మంచం పట్టిన అమ్మను తెచ్చి పెట్టాడు. అమ్మ పోయాక, తన కొడుకు ముచ్చటపడితే కొన్న గ్రేట్ డేన్ జాతి కుక్కపిల్లను తెచ్చి పెట్టాడు. ఫోన్లో వీడియోలు తీసుకోవడం అయ్యాక గానీ అది సోఫా కొరుకుతుందని వాళ్లకు తెలియలేదు.

"ఒక్కదానివే గదక్కా, తోడుంటాది" అన్నాడు.

కాళ్లు పొట్టిగా ఉన్నాయని పొట్టోడని పేరు పెట్టింది. చూస్తుండగానే దూడంత ఎదిగింది, పేరు అబద్ధమైంది. అది చెప్పులు నమిలింది, చీపురు నమిలింది, తోక ఊపితే గిన్నెలన్నీ కింద. దానికేమో పరిగెత్తాలి. రెండంగలేస్తే గోడ. ఒకరోజు పట్టలేక గోడ మీదికి ఉరికింది, గోడ వెనక్కి జరిగింది. మర్నాడు ఇంకాస్త జరిగింది. బయటినుంచి ఇల్లు ఎప్పటిలాగే ఉంది. లోపల మాత్రం పొట్టోడు పరిగెత్తిన కొద్దీ గది సాగింది.

ఇంటామె చంద్రకాంతమ్మ చక్కెర అడగడానికొచ్చి, స్టవ్వు దాకా నడిచి కూలబడింది. "ఈడికి రావాలంటే మోకాళ్లు పట్టుకపోతా ఉండాయి మే. చక్కెర డబ్బా తలుపు కాడ పెట్టుకోరాదా?" అని విసుక్కుని, చక్కెర తీసుకుని పోయింది.

చోటు వచ్చింది గానీ దానితో దిగులూ వచ్చింది. ఇరుకులో ఉన్నన్నాళ్లూ ఒక్కతేనని అంతగా తెలియలేదు. ఇప్పుడు దగ్గితే ఆ దగ్గు అవతలి గోడకు తగిలి తీరిగ్గా తిరిగొచ్చేది. అన్నం తింటూ కుక్కకు కొట్టు సంగతులు చెబుతుంటే, అది సగంలో లేచి కనిపించనంత దూరం పోయేది.

మామిడికాయల లారీలు తిరిగే రోజుల్లో మునిశేఖర్ ఫోన్ చేశాడు. వాళ్ల అత్తకు, అంటే పెళ్లాం తల్లికి, జారిపడి తుంటి విరిగింది, కట్టు కట్టించారు, మంచం దిగకూడదు. పెళ్లానికి ఉద్యోగం, తనకు అంగడి. గది ఖాళీ చేసి వచ్చేయమన్నాడు, చంద్రకాంతమ్మతో మాట్లాడేశాడు కూడా. కుక్కను ఎవరికైనా ఇచ్చేద్దామన్నాడు. కొన్నాళ్లే అన్నాడు. అమ్మను తెచ్చినప్పుడూ కొన్నాళ్లే అన్నాడు.

లోకేశ్వరి కాదనలేదు. మొగుడి దగ్గర ఒకసారి కాదన్నందుకే ఇప్పటికీ ఊరందరికీ సంజాయిషీ ఇచ్చుకుంటోంది. బట్టలు సంచిలో సర్దింది.

ఆదివారం మునిశేఖర్ వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచాడు. ఆమె స్టవ్వు దగ్గర టీ కాస్తోంది. ఇంటికి మనిషి వచ్చాడని పొట్టోడికి సంబరం. అతని దగ్గరికి ఉరికి చేతులు నాకింది, ఆమె దగ్గరికి వచ్చింది, మళ్లీ అతని దగ్గరికి ఉరికింది. దాని ఒక్కో పరుగుకూ గది ఇంకింత సాగింది.

కాసేపటికి మునిశేఖర్ గొంతు సన్నగా వినిపించింది. "యాడుండావక్కా?"

"ఈడనే ఉండా శేఖరా. రా, టీ తాగుదువు."

"నడస్తానే ఉండా, నువ్వుండే చోటు రాలా. సంచి తీస్కోని నువ్వే రారాదా? నీకు అలవాటే గదా."

అలవాటే. అత్తింటికీ ఆసుపత్రికీ, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి ఆమే నడిచింది. సంచి అందుకుని రెండడుగులు వేసింది కూడా. వెనక టీ పొంగింది. సంచి దించి స్టవ్వు కట్టేసింది. మళ్లీ దాన్ని ఎత్తడానికి చెయ్యి లేవలేదు.

"ఈ తూరి నువ్వే రా శేఖరా" అంది. గొంతు పెంచలేదు.

అతను నడిచాడు. దారిలో కూర్చుని చెమట తుడుచుకున్నాడు. పొట్టోడు అతని ఒళ్లో కాసేపు తల పెట్టి, ఆమెకు చెప్పడానికన్నట్టు మళ్లీ ఉరికొచ్చింది. పుత్తూరు బస్సు తప్పిపోతుందని అతను చివరికి వెనక్కి తిరిగాడు. తలుపు మూసిన చప్పుడు ఆమె దాకా రావడానికి చాలాసేపు పట్టింది.

అత్తను ఎత్తి కూర్చోబెట్టడం మునిశేఖరే నేర్చుకున్నాడని తర్వాత ఎవరో చెప్పారు. ఆ ఇంటి నుంచి లోకేశ్వరికి మళ్లీ ఫోన్ రాలేదు. ఆ ఆదివారం సాయంత్రం మాత్రం ఆమె టీ గ్లాసు పట్టుకుని నేల మీద కూర్చుంది. కనిపించనంత దూరంలో పొట్టోడు ఇంకా పరిగెడుతోంది. దాని కాళ్ల చప్పుడు ఎప్పుడు దగ్గరవుతుందా అని వింటూ ఉండిపోయింది.